ఇంటి వెనక జాగలో షటిల్ కోర్టు వేద్దామనుకుంటున్నాం, కింద ఏం వేయించాలి?

హసన్‌పర్తి_అమ్మ:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ దాటినాక హసన్‌పర్తి వైపు. ఇంటి వెనక కాంపౌండ్ గోడ లోపలే ఖాళీ జాగ ఉంది, టేపు పెట్టి కొలిస్తే వెడల్పు 36 అడుగులు, పొడవు 66 అడుగులు వచ్చింది. పొడవు ఉత్తరం దక్షిణం. ఒక మూల బోరు, ఇంకో మూల పెద్ద వేపచెట్టు. పిల్లలిద్దరికీ షటిల్ పిచ్చి పట్టింది, రోజూ కోచింగ్‌కు దింపి మళ్లీ తీసుకొచ్చేసరికే నా సాయంత్రం మొత్తం పోతోంది, అందుకని ఇంట్లోనే కోర్టు వేయిద్దామని కూర్చున్నాం.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి, నేల సాపు చేసి 3 అంగుళాల కాంక్రీటు పోసి పైన 8 పొరల యాక్రిలిక్ కొడతాం, స్టేడియంలో ఉన్నట్టే ఉంటుంది అన్నాడు. రంగుల కార్డు మాత్రం మూడు సార్లు చూపించాడు. కింద నేల సంగతేంటి అంటే "అవన్నీ మాకు వదిలేయండి మేడం" అన్నాడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే మాది నల్లరేగడి. ఎండాకాలం వేలు దూరేంత పర్రెలు వస్తాయి. మా వారు ఉత్త కాంక్రీటు చాలంటున్నారు. మా తమ్ముడు ప్లాస్టిక్ టైల్స్ అంటున్నాడు. మా అత్తమ్మ అయితే "మట్టి మీద ఆడితే ఏమైతది, జాగంతా గచ్చు చేస్తే ఎట్ల" అంటుంది కానీ, ఆ గచ్చు మీద మిరపకాయలు ఆరబోయొచ్చా అని కూడా ఆమే అడుగుతుంది.

ఈ జాగ సరిపోతుందా, కింద ఏం వేయిస్తే పది కాలాలు ఉంటుంది, లైట్లు ఎక్కడ పెట్టాలి? వేయించుకున్నవాళ్లు, పని తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_సైటు:

అక్కా, నేను సివిల్ పనే చేస్తాను. ముందు జాగ సంగతి. డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. గీత బయట పరిగెత్తడానికి చోటు ఉండాలి కాబట్టి 60 బై 30 అంటే సుఖంగా ఉంటుంది, చిత్రమేంటంటే అది మనవైపు అమ్మే 200 గజాల ప్లాటు సైజే. మీకు అంతకంటే ఎక్కువే ఉంది. ఉత్తరం దక్షిణం ఉండటం కూడా కలిసొచ్చింది, పొద్దున సాయంత్రం సూర్యుడు ఎవరి కళ్లలోనూ సూటిగా కొట్టడు. వేపచెట్టుకు మాత్రం వీలైనంత దూరం జరగండి. దాని వేళ్లు స్లాబును లేపుతాయి, ఆకులు, పండ్లు రాలి కాలు జారుతుంది. చెట్టు కొట్టేయమని మాత్రం చెప్పను, సాయంత్రం నీడ దాందే.

ఇక అసలు విషయం. నల్లరేగడి మీద నేల సాపు చేసి 3 అంగుళాలు పోస్తానన్నవాడికి అడ్వాన్స్ ఇవ్వకండి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, పైన మీరు ఎంత ఖరీదైన రంగు కొట్టినా అది ఏటా ఊపిరి పీల్చి వదులుతూనే ఉంటుంది, రెండో ఎండాకాలానికి కోర్టు మధ్యలో పగులు కనిపిస్తుంది. ముందు ఒక మూల 3 అడుగుల గుంత తవ్వించి చూడండి. నల్లమట్టి ఎంత లోతు ఉంది, కింద మొరం తగులుతుందా లేదా అన్నది తెలియకుండా ఎవరు రేటు చెప్పినా అది గాలిలో లెక్కే.

2 అడుగులు తీయాల్సి వచ్చిందనుకోండి, 1800 చదరపు అడుగులకు 3600 ఘనపుటడుగుల మట్టి అవుతుంది. ట్రాక్టర్లతో తెమలదు, టిప్పర్లు మాట్లాడుకోవాలి. ఆ నల్లమట్టిని ఊరికే పారబోయించకండి, ఎర్ర చెలక ఉన్న రైతులు సంతోషంగా తోలుకుపోతారు. దాని బదులు మొరం పోయాలి, అది కూడా ఒకేసారి కుమ్మరించడం కాదు, 6 అంగుళాలు పరవడం, నీళ్లు కొట్టడం, రోలర్ తిప్పడం, మళ్లీ 6 అంగుళాలు. మన సుతారీలు చాలామంది ఇక్కడే తొందరపడతారు. అడుగున్నర మొరం ఒకేసారి పోసి పైపైన రోలర్ తిప్పితే పైన గట్టిగానే ఉంటుంది, లోపల మాత్రం గుల్ల.

మొరం మీద ఒక పొర కంకర, డస్టు. దాని మీద మందమైన పాలిథిన్ షీటు. ఈ షీటును ఎవరూ పట్టించుకోరు కానీ, కింది తేమ కాంక్రీటు గుండా పైకొస్తేనే యాక్రిలిక్ బుడగలు లేచి ఊడేది. ఆపైన 4 అంగుళాల ఎం20 రకం (మామూలు స్లాబులకు వాడే బలం) కాంక్రీటు, మధ్యలో ఇనుప జాలీ. జాలీ నేల మీద పడుకోకుండా కింద కవర్ బ్లాకులు పెట్టించండి. 60 బై 30కి 4 అంగుళాలంటే 600 ఘనపుటడుగులు, అంటే 17 క్యూబిక్ మీటర్లు. సైటు మీద కలిపితే సిమెంటు దాదాపు 140 బస్తాలు పడుతుంది, రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చేది) అయితే 6 క్యూబిక్ మీటర్ల బండ్లు మూడు. మీరు రెడీమిక్స్‌కే పోండి, ఇంత జాగ చేత్తో కలిపి పోస్తే పొద్దున పోసిందానికీ సాయంత్రం పోసిందానికీ పొంతన ఉండదు. మీ గల్లీలోకి ఆ బండి తిరుగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

పోసిన మర్నాటికల్లా మిషనుతో జాయింట్లు కోయించాలి, 10 అడుగులకొకటి, అంగుళం లోతు. కాంక్రీటు ఎలాగూ పగులుతుంది, ఎక్కడ పగలాలో మనం ముందే చెబుతున్నాం అంతే. 10 అడుగుల గళ్లయితే 30 అడుగుల దగ్గర పడే గీత సరిగ్గా నెట్ కిందకు వస్తుంది, ఆటకు అడ్డం ఉండదు. పైన గచ్చులాగా నున్నగా తోమనివ్వకండి, యాక్రిలిక్ పట్టాలంటే చీపురుతో గీసినట్టు గరుకు ఉండాలి. తర్వాత మళ్లు కట్టి నీళ్లు నిలపాలి, మే నెలలో పోస్తే తడి గోనెలు కూడా కప్పాలి. 28 రోజుల ముందు రంగు కొడతానంటే ఒప్పుకోవద్దు.

వాలు ఒకే పక్కకు ఉండాలి. మధ్యలో ఎత్తు చేసి రెండు వైపులా జారేలా చేయిస్తే నెట్ దగ్గర మూపురంలాగా తయారవుతుంది. వెడల్పు దిక్కు 10 అడుగులకు 1 అంగుళం చొప్పున, అంటే ఈ చివరికీ ఆ చివరికీ 3 అంగుళాల తేడా. ఆడేటప్పుడు అది తెలియనే తెలియదు.

కరీంనగర్_షటిల్:

మా కాలనీ పార్కులో మీ తమ్ముడు అన్న ప్లాస్టిక్ టైల్సే, ఒకదానికొకటి బిగించే ఇంటర్‌లాక్ రకం, ఉన్నాయి. మంచి చెప్పాలంటే వాన ఆగిన కాసేపటికే ఆడుకోవచ్చు, నీళ్లు జాలీలోంచి కిందికి పోతాయి, ఒకటి విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. చెడు చెప్పాలంటే, వేసినాయన గోడకు ఆనించి బిగించాడు. మన ఎండలు తెలుసు కదా, ప్లాస్టిక్ సాగింది, పోవడానికి చోటు లేక మధ్యలో అప్పడంలా లేచింది. చుట్టూ ఖాళీ వదలాలని ఆయనకు తెలియక కాదు, వదిలితే అందంగా ఉండదన్నాడట. ఇంకోటి, టైల్స్ వేసినా కింద కాంక్రీటు కావాల్సిందే మేడం. మట్టి మీద పరిస్తే మట్టి ఎట్లుంటే టైల్ అట్లుంటుంది. కాబట్టి పైన సైటన్న చెప్పిన ఖర్చు ఎటూ తప్పదు.

పీఈటీ_పరకాల:

అమ్మా, నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. కాంట్రాక్టర్లు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. 8 పొరలన్నా, పది పొరలన్నా ఆ యాక్రిలిక్ మొత్తం మందం కొన్ని మిల్లీమీటర్లే. కాలు జారకుండా పట్టు ఇస్తుంది, కాంక్రీటు అరిగిపోకుండా కాపాడుతుంది, కానీ దాని కింద ఉన్నది రాయే. అకాడమీల్లో చెక్క నేల, దాని మీద మ్యాట్ ఎందుకు వేస్తారంటే షటిల్‌లో ముందుకు సాగి వంగడం, ఎగిరి దిగడం వందల సార్లు ఉంటుంది, ఆ దెబ్బంతా మోకాలికీ మడమకీ పోతుంది. ఎదిగే పిల్లలు రోజూ గంటల కొద్దీ కాంక్రీటు మీద ఎగరడం నాకు నచ్చదు. అలాగని ఇంటి బయట ఆ మ్యాట్ వేయించేరు, అది లోపల వేసేది, ఎండకు పాడైపోతుంది, తడిస్తే సబ్బు నీళ్ల మీద నడిచినట్టే.

మీ అత్తగారు అన్నది తీసిపారేసే మాట కాదు. మొరం కోర్టు మీద బాల్ బ్యాడ్మింటన్, ఖోఖో, కబడ్డీ ఆడి జిల్లా జట్టుకు పోయిన పిల్లలు నా చేతి మీదుగా ఎంతమందో. జల్లెడ పట్టిన ఎర్ర మొరం పైన 2 అంగుళాలు, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి, ముగ్గుతో గీతలు. రోజూ సాయంత్రం ఒక బకెట్ నీళ్లు చిలకరించి ఊడిస్తే దుమ్ము లేవదు, కాలికి మెత్తగా ఉంటుంది.

నా సలహా ఇది. సైటాయన చెప్పినట్టు నల్లమట్టి తీసి మొరం నింపండి, అక్కడ ఆగండి. ఈ వానాకాలమంతా దాని మీదే ఆడనివ్వండి. వాన పడి, పిల్లలు తొక్కి, మళ్లీ ఎండి అది దిగాల్సినంత దిగుతుంది. ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో కూడా మీ కళ్లకే కనిపిస్తుంది. దసరా అయ్యాక కూడా పిల్లలకు ఇదే పిచ్చి ఉంటే అప్పుడు కాంక్రీటు పోయించండి. ఉండకపోతే బతుకమ్మ ఆడుకోవడానికి సాపు జాగ మిగిలిందనుకోండి.

కాజీపేట_సైటు:

సారు చెప్పింది నాకు నచ్చింది కానీ ఒక్క మెలిక. ఒక వాన చూస్తే మొరం దానంతటదే దిగుతుందని రోలర్ పని ఎగ్గొట్టకూడదు. రోలర్ తిప్పకుండా వదిలిన మొరం వానకు ఎక్కడ పడితే అక్కడ దిగుతుంది, గుంతలు గుంతలుగా. పొరలు పొరలుగా రోలింగ్ చేసి, ఆ తర్వాత వాన చూపిస్తే సారు అన్నట్టు బంగారం. వాన నీళ్లు కిందికి దిగి చుట్టూ ఉన్న నల్లమట్టిలోకి పోకుండా అంచుల వెంట చిన్న కాలువ కూడా ఇప్పుడే తీయించండి. నల్లరేగడితో వచ్చే తంటా అంతా తడి ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడమే.

హసన్‌పర్తి_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. గుంత తవ్వించాం. రెండడుగుల పైచిలుకు నల్లమట్టి, ఆ కింద పసుపు రంగు గట్టి మొరం తగిలింది, గడ్డపార ఖంగుమంది. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి మట్టి తీయాలంటే ఎంతవుతుందంటే "అంత అవసరం లేదు మేడం, ఇంకో కోటు వేద్దాం" అన్నాడు. సరే, ఆయనకో దండం.

రెండు సందేహాలు. నీళ్ల వాలు ఈశాన్యం వైపే ఉండాలని మా మామయ్య పట్టుబట్టారు, కుదురుతుందా? రెండోది గాలి. మా వైపు జూన్, జూలైలో పడమటి గాలి ఎంత కొడుతుందంటే బట్టలు తీగ మీద ఆగవు. ఇక షటిల్ కాక్ ఆగుతుందా?

కాజీపేట_సైటు:

ఈశాన్యం సంగతి సులువే. మీ కోర్టు ఉత్తర దక్షిణాలు కాబట్టి వెడల్పు దిక్కు వాలు ఎలాగూ తూర్పుకో పడమరకో ఇవ్వాలి, తూర్పుకు ఇవ్వండి. తూర్పు అంచున కాలువ పెట్టి దాన్ని ఉత్తరానికి దించితే నీళ్లు ఈశాన్యం మూలకు చేరతాయి, అక్కడ ఇంకుడు గుంత. మామయ్య హ్యాపీ, ఇంజనీరూ హ్యాపీ. బోరు ఏ మూలన ఉందో చెప్పలేదు, ఆ పక్కనే అయితే ఇంకా మంచిది. పక్కింటి గోడ కిందకు మాత్రం వదలకండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హనుమకొండలో కాలనీలు ఎలా మునిగాయో చూశాం, ప్రతి ఇంటివాళ్లూ పెరడంతా గచ్చు చేసి నీళ్లు రోడ్డు మీదికి తోస్తే నాలాలు మాత్రం ఎన్ని మోస్తాయి. 1800 చదరపు అడుగుల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 17 వేల లీటర్లు, అంటే రెండు మూడు ట్యాంకర్ల నీళ్లు మీ పెరట్లోనే దొరుకుతాయి.

పికిల్_హనుమకొండ:

గాలి గురించి నేను చెప్తాను. ఆరుబయట ఈక కాక్ మర్చిపోండి. బరువు 5 గ్రాముల చిల్లర, ఒక్క విసురుకు పక్కింటి డాబా మీద ఉంటుంది. నైలాన్ కాక్ కొంత నయం. వాటి మూతికి ఉండే రంగు పట్టీ చూసి కొనండి, ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండ వేడికి గాలి పల్చబడి కాక్ మామూలు కన్నా దూరం పోతుంది కాబట్టి ఎండాకాలం ఆకుపచ్చదే బెటర్. పడమర పక్కన పైపులు పాతి 10, 12 అడుగుల ఎత్తు గ్రీన్ నెట్ కట్టండి. పైపులు మాత్రం లోతుగా పాతించాలి, జాలీయే కదా అనుకుంటారు కానీ గాలికి అది తెరచాప.

ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య వాళ్లే ఈ గాలి బాధకు 2019లో ఎయిర్ బ్యాడ్మింటన్ అని ఆరుబయట ఆట ఒకటి మొదలుపెట్టారు, దానికి కాక్ వేరే, కోర్టు 16 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. మీ 60 బై 30లో అది కూడా పడుతుంది.

కానీ నన్నడిగితే అదే కోర్టులో పికిల్‌బాల్ (చిన్న బ్యాటుతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట) గీతలు కూడా వేయించేయండి, కొలత అచ్చంగా 44 బై 20 అదే. నెట్ మాత్రం కిందికి దించాలి, షటిల్‌కు మధ్యలో 5 అడుగులు, పికిల్‌కు 34 అంగుళాలు. అందుకని నెట్ ఎక్కించి దించే స్తంభాలు తీసుకోండి. షటిల్‌లో ముందు సర్వీస్ గీత నెట్ నుంచి ఆరున్నర అడుగులకు వస్తుంది, పికిల్‌లో కిచెన్ (నెట్ ముందు బంతిని గాల్లోనే కొట్టకూడని చోటు) గీత 7 అడుగులకు. అరడుగు తేడాతో రెండు గీతలు పక్కపక్కనే పడతాయి, ఒకే రంగు వేస్తే పిల్లలు రోజూ కొట్టుకుంటారు. ఒకటి తెలుపు, ఒకటి పసుపు. మీ వారిని, మామయ్యను కూడా కోర్టులోకి దించే ఆట ఇదే, నమ్మండి.

పీఈటీ_పరకాల:

గీతలు ఎవరు గీసినా మీరే టేపు పట్టుకుని ఒక్కటి చూడండమ్మా. ఈ మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా 48 అడుగుల 4 అంగుళాలు రావాలి, రెండో ఐమూల కూడా అంతే రావాలి. అంగుళం తేడా వచ్చినా మూలమట్టం తప్పినట్టే, చెరిపించి మళ్లీ గీయించండి. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు, అది కోర్టు కొలతలో భాగమే, బయట కలిపేది కాదు.

లైన్‌పని_జనగామ:

లైట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. కోర్టు రెండు చివర్ల వెనకాల లైటు పెట్టవద్దు, పైకి చూసి స్మాష్ కొట్టేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. పొడవు పక్కల నుంచి, కనీసం 20 అడుగుల ఎత్తున, కిందికి వంచి పెట్టాలి. పక్కింటి బెడ్‌రూం కిటికీ ఎటుందో ముందే చూసుకోండి, గొడవలు ఆట చప్పుడుకు కాదు, ఆ లైటుకే వస్తాయి. తొలకరి వానలకు ఉసిళ్లు దండుగా వస్తాయి, ఆ నాలుగు రోజులు సాయంత్రం ఆట బంద్ అనుకోండి. కేబుల్ పైపులు కాంక్రీటు పోయకముందే వేయించాలి, తర్వాత స్లాబు కోసుకుంటారా? స్తంభాలకు ఎర్తింగ్, బోర్డులో షాక్ కొడితే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడి నేల, ఇనుప స్తంభం, చెప్పుల్లేని పిల్లలు, ఈ మూడూ ఒకచోట ఉంటాయి. జాగ మీదుగా కరెంటు వైర్లు పోతుంటే మాత్రం స్తంభాల మాట ఎత్తకముందే లైన్‌మన్‌ను పిలిచి చూపించండి.

హసన్‌పర్తి_అమ్మ:

వైర్లు రోడ్డు వైపే ఉన్నాయి అన్నా, వెనక ఏం లేవు. బోరు ఈశాన్యంలోనే ఉంది, మామయ్య మొహం వెలిగిపోయింది.

ఇంట్లో తేలిందేమిటంటే, ఇప్పటికి నల్లమట్టి తీసి మొరం, రోలింగ్, తూర్పు పక్క కాలువ, ఇంకుడు గుంత. ఈ వానాకాలం మట్టి మీదే ఆట. కాంక్రీటు దసరా తర్వాత చూస్తాం, యాక్రిలిక్ సంగతి ఆ తర్వాత. పాప అలిగింది, నీలం రంగు కోర్టు అని క్లాసులో అందరికీ చెప్పేసుకుందట. అత్తమ్మకు మాత్రం ఈ ఏడు మిరపకాయలకు కొత్త జాగ దొరికినట్టే.

చివరగా ఒకటి, నెట్ స్తంభాలు ఇప్పుడే పాతించాలా, కాంక్రీటు అప్పుడా? ఇప్పుడు పాతితే మళ్లీ పీకాల్సి వస్తుందేమో.

కాజీపేట_సైటు:

స్తంభాలు పాతకండి, వాటి తొడుగులు పాతించండి. స్తంభం సులువుగా దిగి ఊగకుండా నిలిచేంత లోపలి వెడల్పు ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్క రెండడుగులది తీసుకుని, చుట్టూ కాంక్రీటు దిమ్మె పోసి, పై అంచు రేపు రాబోయే స్లాబు మట్టానికి వచ్చేలా నిలబెట్టండి. అప్పటిదాకా కంకర, స్లాబు మందమంత పైకి పొడుచుకుని ఉంటుంది, పిల్లలు తట్టుకోకుండా దాని చుట్టూ మొరం దగ్గరికి తోసి పెట్టండి. రెండు తొడుగుల మధ్య దూరం సరిగ్గా డబుల్స్ గీతల మీద, 20 అడుగులు. ఇప్పుడూ అందులోనే స్తంభం దింపి ఆడుకోవచ్చు, రేపు కాంక్రీటు రోజు తీసేయొచ్చు, ఇంట్లో ఫంక్షన్ ఉంటే టెంటు వేసుకోవచ్చు. పైపు అడుగు మూయించకండి, నీళ్లు కిందికి ఇంకిపోవాలి. స్తంభం తీసినప్పుడు పైన మూత మాత్రం బిగించండి, లేకపోతే ఒక్క వానకే కప్పలు కాపురం పెడతాయి.